వడ్రంగి వీరబ్రహ్మముగారు

గడచిన వేసవి సెలవులకు ముందు మన పాఠశాల చేతిపనుల తరగతియందు ఒక చిన్న సంగతి జరిగెను. విద్యార్థులు తమ తమ యిండ్ల గోడలకు తగిలించుకొనుటకై చెక్కపలకలు చేయుచుండిరి. ఒకడు ఇంటిపేరు చెక్కుచుండెను. ఒకడు స్వాగతమని చెక్కుచుండెను. మరియొకడు తన చెల్లెలి పేరు చెక్కబోయి, రెండవ యక్షరముకడ ఉలి జారగా, ఆ పేరును ఒక పువ్వుగా మార్చు నుపాయ మాలోచించుచుండెను. ఒక బాలుడు మాత్రము పలకను ముందిడుకొని యూరక కూర్చుండెను. వాని తాత వడ్రంగి. వారి పాత మట్టిమిద్దెను విప్పి క్రొత్త యిల్లు కట్టినపుడు తలవాకిటి తలుపునుండి మిగిలిన వేపచెక్క యది. ఆ తలుపును చేసినవాడు ఆ తాతయే. దానిపై బ్రహ్మముగారి మాట నొకదానిని చెక్కి తాతకు కానుకగా నీయవలెనని బాలుని కోరిక. ఏ మాట చెక్కవలెనో చెప్పుడని న న్నడిగెను.

నేను వెంటనే చెప్పలేకపోతిని. మన సీమలో బ్రహ్మముగారి పేర చెలామణి యగు మాటలకు లెక్కలేదు. రైలు వచ్చినను, విద్యుద్దీపము వెలిగినను, వాన కురియకున్నను, అధికముగా కురిసినను, ఆయన ముందే చెప్పినారని రచ్చబండకడ ఒకరైన ననక మానరు. నిన్న మొన్న పుట్టిన మాటలు కూడ ఆయన పేర తిరుగుచున్నవి. గోడపై బొగ్గుతో వ్రాసినది సున్నము కొట్టిన పోవును. చెక్కపై ఉలితో వ్రాసినది పోదు. తప్పుమాట చెక్కినచో అది ఆ యింట మూడు తరములు వ్రేలాడును. కావున ఆ బాలునికి మాట చెప్పుట మాని, ఆయన కథ చెప్పితిని. తక్కిన బాలురును పనిముట్లు ప్రక్కన బెట్టి వినిరి. ఆ చెప్పినదానినే కొంత పెంచి యీ సంచికకు వ్రాయుచున్నాను.

శ్రీ పోతులూరి వీరబ్రహ్మముగారి చరిత్ర రాజశాసనములలో నిలిచినది కాదు. శిష్యుల నోటను, మఠముల గ్రంథములందును, పల్లెలలో తంబురా మీటి పాడువారి గొంతునందును నిలిచి మనదాక వచ్చినది. 1608వ సంవత్సరమున జన్మించి 1693వ సంవత్సరమున సమాధి ప్రవేశము చేసిరని సంప్రదాయము చెప్పుచున్నది. అది మన సీమకు నెమ్మది లేని కాలము. 1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము కూలినది. పిమ్మట బిజాపురము, గోలకొండ సుల్తానుల సేనలు పెన్న, కుందు నదుల నడుమ భూములపై వచ్చుచు పోవుచు నుండెను. 1650 ప్రాంతమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకొనెను. 1687లో ఆ గోలకొండయే ఔరంగజేబునకు చిక్కెను. ఒక మనుష్యుని జీవితకాలములో ఇన్ని జెండాలు మారినపుడు, రేపటిని గూర్చి చెప్పువానిచుట్టు జనులు మూగుటలో వింత యేమి గలదు?

ఆయన తలిదండ్రులు ప్రకృతాంబ, పరిపూర్ణయాచార్యులనియు, వారు బిడ్డను చిన్ననాడే వీడవలసివచ్చెననియు, పాపఘ్ని మఠాధిపతులైన వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ యను దంపతులు ఆ శిశువును పెంచిరనియు చెప్పుదురు. ఆ మఠము నేటి కర్ణాటక రాష్ట్రమున నున్నది. నంది కొండలలో పుట్టిన పాపఘ్నినది మన కడప జిల్లాకు వచ్చి కమలాపురము చెంత పెన్నలో గలియును. ఆ నదివలెనే ఆ బాలుడును ఉత్తరముగా నడచి మన సీమకు వచ్చెను. చిన్ననాటి పేరు వీరంభొట్లయ్య. పెంచిన తండ్రి గతించిన తరువాత, మఠాధిపత్యము చేతికందుచుండగా దానిని వదలి, దేశాటనము చేయుదునని తల్లిని వేడెను. ఆమె ఒల్లలేదు. బిడ్డ గర్భమున ఎట్లు రూపుకట్టునో, దేహమన నేమో, బంధమన నేమో అతడు తల్లికి వివరించి చెప్పి, ఆమె యనుమతి పొంది బయలుదేరెనని కథ. సిద్ధముగా నున్న పీఠమును కాదని బాటపట్టిన ఆ బాలుడు పలుచోట్ల తిరిగి బనగానపల్లె చేరెను.

బనగానపల్లె నేడు నంద్యాల జిల్లాలోనిది; 2022 వరకు కర్నూలు జిల్లాలో నుండెను. ఒకనాటి రాత్రి ఆ యూరి గరిమిరెడ్డి అచ్చమ్మ యను గృహిణి యింటి యరుగుపై ఆ బాటసారి పండుకొనెను. ఉదయమున అచ్చమ్మ చూచి, ఎవరవు, ఏమి పని చేయగలవని యడిగెను. తన శాస్త్రజ్ఞానమును గాని పెరిగిన మఠమును గాని చెప్పుకొనక, ఏ పని యిచ్చినను చేసెదనని యతడు బదులు చెప్పెను. ఆమె పశువులను కాయ పెట్టెను.

యాగంటి పోవు దారిలో రవ్వలకొండ యను గుట్ట యున్నది. అక్కడనే ఆయన పశువులను మేపెను. పశువులచుట్టు కఱ్ఱతో ఒక గీత గీచి, అవి దానిని దాటకుండ మేయుచుండగా, తాను గుహలో కూర్చుండి తాటియాకులపై ముల్లుతో కాలజ్ఞానమును వ్రాయుచుండెనని ప్రతీతి. ఆ గీత మాట భక్తులకు వదలుదము. నా మనస్సు నాకట్టుకొనునది ఆ ముల్లు. గంటము కొనుటకు కాసు లేని పసులకాపరికి ముండ్లచెట్టే గంటము, తాటిచెట్టే పుస్తకము. చేతికందిన వస్తువుతో అక్షరము దిద్దుటకంటె మోటుపని వేరొకటి లేదు. దానికంటె గట్టిపనియు లేదు.

ఇచట విద్యార్థుల కొక సంగతి చెప్పవలెను. మన తెలుగు లిపి గుండ్రముగా నుండుటకు తాటియాకే కారణమని పెద్దలు చెప్పుదురు. ఆకు ఈనెవెంబడి నిలువుగీత గీచినచో ఆకు చీలును. గుండ్రముగా త్రిప్పినచో చీలదు. చెక్క సంగతి దీనికి సరిగా తలక్రిందులు. చెక్కకు నరము గలదు. నరము వెంబడి సూటిగా కోసిన ఉలి సుళువుగా పోవును. గుండ్రని యక్షరము చెక్కునపుడో, ఒక్క సున్న చుట్టులోనే ఉలి రెండుమారులు నరముతో నడచి, రెండుమారులు నరమునకు అడ్డముగా తిరుగును. నరముతో పోవునపుడు జారి ముందుకు దూకును. అడ్డము తిరుగునపుడు అంచు పెళ్లలుగా లేచును. చెల్లెలి పేరు చెక్కిన బాలుని కష్ట మిదియే. ఆకునకు అనుకూలమైన లిపి చెక్కకు ప్రతికూలము. కావుననే మన వడ్రంగులు తలవాకిటి ద్వారబంధములపై అక్షరముల కంటె పద్మములను, హంసలను, గజలక్ష్మిని ఎక్కువగా చెక్కిరని నా యూహ. ఆకుపై ముల్లు త్రిప్పుటయు, చెక్కపై బాడిస వేయుటయు నెరిగిన యొకే చేయి వీరబ్రహ్మముగారిది.

ఇక కథకు వత్తము. కాపరి ఏమి చేయుచున్నాడో చూడవలెనని అచ్చమ్మ ఒకనాడు వెంబడించి వచ్చి, గుహలో వ్రాయుచున్న వానిని చూచి నివ్వెరపోయెను. ఇంటి జీతగాడు గురువైనాడు. ఆమెకు ఆయన ఉపదేశము చేసిన తావును నేటికిని ముచ్చట్ల యందురు; గురుశిష్యులు ముచ్చటించిన చోటగుటచే ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. అంధుడైన ఆమె కుమారునికి చూపు వచ్చెననియు, బనగానపల్లె నవాబు పరీక్షింపదలచి పంపిన పళ్లెములోని మాంసము పూలుగా మారెననియు కథలు గలవు. ఆ యూరనే అన్నాజయ్య యను బ్రాహ్మణుడు శిష్యుడయ్యెను.

పేరు వచ్చెను, జనులు రాసాగిరి, నవాబు మన్నించెను. అచ్చటనే యుండినచో ఆయన జీవితము సుఖముగా గడచెడిదే. ఆయన యట్లు చేయలేదు. తాను వ్రాసిన కాలజ్ఞానపత్రములలో కొంతభాగమును అచ్చమ్మ యింట పాతరలో భద్రపరచి, గుర్తుగా దానిపై చింతచెట్టు నాటి, ఊరు విడిచెను. ఆ చింతచెట్టు తావున మఠము వెలసినది. వ్రాసినదానిని పదిమందికి చూపి పేరుపొందవలెనను తొందర ఆయనకు లేకుండెనని ఈ కథ చెప్పుచున్నది. మనము ఒక పలక చెక్కగానే మేకు వెదకుదుము.

అక్కడినుండి ఆయన చేరిన యూరు కందిమల్లయపల్లె. కడప జిల్లాలో బద్వేలు సీమలోని పల్లె. నేడు బ్రహ్మముగారి మఠమను పేరనే మండలమై యున్నది. ఒకవైపు నల్లమల కొండలు, మరియొకవైపు లంకమల కొండలు. ఆ యూర ఎవరికిని తన పూర్వవృత్తాంతము చెప్పక, ఒక వడ్రంగిగా ఆయన కాపురముండెను. నా మట్టుకు నాకు ఆయన చరిత్రలో అన్నిటికంటె గొప్ప ఘట్టమిది. హరికథలు చెప్పువారు దీనిని రెండు మాటలలో ముగించి మహిమలవైపు పరుగెత్తుదురు. నేనిచట కొంచెము నిలిచెదను.

ఆయన పుట్టిపెరిగినది విశ్వబ్రాహ్మణ కులము. మనువు, మయుడు, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞుడు అను నైదుగురు విశ్వకర్మ సంతతి యనియు, వరుసగా ఇనుము, కొయ్య, కంచు, రాయి, బంగారము వారి వృత్తులనియు ఆ కులమువారు చెప్పుకొందురు. వేదాంతము చెప్పగలవాడు పని మానుకొనవలెనను నియమము వారిలో లేదు. కాని పని యనిన ఎటువంటిదో నేటి బాలురకు తెలియదు. నల్లరేగడి యగుగాక, గరుసునేల యగుగాక, మెట్టసేద్యమంతయు ఆ కాలమున కొయ్యపై నడచినది. నాగలి, కాడి, మేడి, విత్తుటకు గొఱ్ఱు, కలుపు తీయుటకు గుంటక, బండిచక్రము, కవిలెకు గిలక, ఇంటికి దూలము, దంతె, ద్వారబంధము, పెండ్లికి పీట, బిడ్డకు ఊయలతొట్టి, ఇవన్నియు ఊరి వడ్రంగి చేయవలసినవే. తొలకరి చినుకు పడిన నాడు వాని యింటిముందు ఊరిలోని నాగళ్లన్నియు చేరును. అదను దాటకముందే అన్నియు బాగుచేసి యీయవలెను. కూలి రొక్కము కాదు. కళ్లమున ధాన్యము తూర్పారబట్టినపుడు రైతు కొలిచియిచ్చు మేర. పంట పండిన మేర గలదు, పండకున్న లేదు. వానలేని సీమలో వడ్రంగి కడుపు రైతు కడుపుతోపాటే యెండును.

చెక్క యెన్నికయు చిన్న విద్య కాదు. కాడికి తేలికయైన కొయ్య కావలెను, లేనిచో ఎద్దు మెడ పుండగును. నాగలికి తుమ్మ మంచిది. గట్టిది, సాగునది, మన బీళ్లలో తానే మొలచునది. తలుపులకు వేప, చేదుండుటచే పురుగు తొందరగా తొలువదు. కొండలలో ఏపి గలదు; దాని చేవ ఇనుమువంటిది, బాడిసవాయి మొద్దుబారును. లంకమల, పాలకొండ, శేషాచలములందు ఎఱ్ఱచందనము గలదు. ఈ కొండలకు వెలుపల సహజముగా పెరుగుట అరుదైన ఆ చెట్టును నేడు అనుమతి లేక కొట్టుట నేరము. పచ్చికొయ్యను పనిలో బెట్టిన వడ్రంగికి పేరు దక్కదు; ఎండిన కొలది అది మెలిదిరిగి బీటలువారును. కొట్టిన మొద్దును నీడను పెట్టి కాచుకొనవలెను. కాచుకొనుటయే ఆ వృత్తిలో సగము పని.

మన బాలుని వేపపలక ఈ విషయమున అదృష్టవంతమైనది. ఏబదియేండ్లు ఎండకు వానకు నిలిచి, మెలిదిరుగ వలసినంత యెప్పుడో తిరిగి ఊరుకున్న చెక్క యది. పాత మేకులను ఊడబీకి, బాడిసతో పైపొరను సన్నగా చెక్కినచో, నల్లబారిన చర్మము క్రింద ఎఱ్ఱని లేతరంగు తేలినది. చిత్రిక పట్టి నునుపు చేయనా యని యడుగగా వలదంటిని. బాడిస వేట్లు అలలవలె కనబడుచుండిననే అది చేతిపని యని తెలియును. ఉలితో చెక్కిన గాడిలో దీపపుమసిని అవిసెనూనెతో కలిపి నింపి, పైన గుడ్డతో తుడిచినచో అక్షరము నల్లగా నిలుచును. గోడకు తగిలించుటకు జనపనారత్రాడు చాలును. ఇంతకంటె మెరుగైన కొయ్య యలంకారము కావలసినవారికి మన సీమలోనే నంద్యాల, నొస్సము ఉండెను. అచటి చిత్రకారులు చెక్కపై పిండివంటి ముద్దతో తీగలను, పూలను ఉబ్బెత్తుగా దిద్ది, రంగులు, బంగారు మెరుగు పెట్టెడివారు. అది దొరల యిండ్లకు పోయిన పని. వడ్రంగి పలక మన మిద్దెలకు తగినది.

కందిమల్లయపల్లెలో ఆయన వడ్రంగము చేయుచుండిన దినములలోనే పోలేరమ్మ కథ జరిగెను. ఊరి పెద్దలు జాతర చందా వసూలు చేయుచు ఈ క్రొత్త వడ్రంగి యింటికి వచ్చిరి. తాను బీదవాడననియు, ఇచ్చుటకు ధనము లేదనియు ఆయన చెప్పెను. వారు వినక పరిహాసము చేసిరి. ఆయన వారితో కూడ గుడికడకు పోయి, పోలేరమ్మను పిలిచి, తన చుట్టకు నిప్పు తెమ్మని యడుగగా నిప్పు వచ్చెనని కథ. ఆనాటినుండి ఊరివారు ఆయన యెవరో తెలిసికొనిరి. ఈ కథ చెప్పువారందరును నిప్పు వచ్చిన చోట ఆగి చేతులు జోడింతురు. నాకు దానికి ముందున్న భాగమే విలువైనదిగా తోచును. ఊరికి నాగళ్లు చేసి, మేర కొరకు కళ్లము దాక వేచియుండు పనివాని గడపలో నిలిచి, చందా యీయలేదని నవ్విన పెద్దలు ఆ కథలో నున్నారు. ఆ నవ్వు ఏ మహిమయు చేయనక్కరలేకయే నిజమని మనకు తెలియును. అట్టి నవ్వులు మన పల్లెలలో ఎందరు పనివాండ్రు వినలేదు?

తరువాత పెదకొమెర్ల గ్రామమున శివకోటయ్యాచార్యుల కూతురు గోవిందమ్మను వివాహమాడెను. ఐదుగురు కుమారులు, వీరనారాయణమ్మ యను కూతురు కలిగిరి. సన్న్యాసియై అడవికి పోక, భార్యాబిడ్డలతో ఊరి నడుమ నుండి బోధించిన గురువాయన. మనుమరాలు ఈశ్వరమ్మ కూడ యోగినియై పూజలందుకొన్నది. ఆయన నివసించిన యిల్లనియు, త్రవ్విన బావి యనియు చూపునవి ఆ యూర నేటికిని గలవు.

శిష్యులలో ముఖ్యుడు సిద్ధయ్య. దూదేకుల కులమునకు చెందినవాడు. తలిదండ్రులు పీరుసాహెబు, ఆదంబీ. ముడుమాల గ్రామము వారిది. దూది యేకువాని కుమారుడు వడ్రంగి పాదములకడ చేరుట తలిదండ్రులకు గాని మతపెద్దలకు గాని నచ్చలేదు. వారు సిద్ధవటపు నవాబునకు ఫిర్యాదు చేసిరి. నవాబు సిద్ధయ్యను పిలిపించి, నీ గురుని మహిమ యేమని యడిగెను. సిద్ధయ్య నమస్కారము చేయగా ఎదుటనున్న బండరాయి బ్రద్దలయ్యెనని ప్రసిద్ధి. రాయి సంగతి యట్లుండనిండు. మూడువందల యేండ్ల క్రిందట మన జిల్లాలో, కొయ్యపని చేయు గురువు, దూది యేకు కులపు శిష్యుడు, పొలముగల రెడ్డియింటి యిల్లాలు అచ్చమ్మ, బ్రాహ్మణుడైన అన్నాజయ్య, తోలుపని చేయు కక్కయ్య, వీరందరును ఒకే మాట విన్నారు. బండరాయి పగులుటకంటె ఇది చిన్న వింత కాదు.

కక్కయ్య కథ బాలురకు చెప్పుటకు నేను కొంత జంకితిని. కాని పలకపై మాట చెక్కవలెననువాడు అది వినక తప్పదు. మనుష్య దేహములో ఆధారచక్రము లున్నవనియు, అందు దేవతలు కొలువై యున్నారనియు వీరబ్రహ్మముగారు సిద్ధయ్యకు బోధించుచుండగా, చర్మకారుడైన కక్కయ్య చాటునుండి వినెను. మాట వినెను గాని అర్థము వినలేదు. ఇంటికి పోయి, నిద్రించుచున్న భార్య దేహమును కోసి దేవతలకొరకు వెదకెను. నెత్తురు తప్ప యేమియు కనబడలేదు. గుండె పగిలి, క్రోధముతో పరుగెత్తి వచ్చి గురువును అబద్ధికుడని నిందించెను. వీరబ్రహ్మముగారు వాని వెంట వెళ్లి, ఆమెను లేపి, ఆ మాటల లోతును వివరించి, వానిని శిష్యునిగా గైకొనెనని కథ. ఆమె నిజముగా లేచెనా యని ఒక బాలుడు న న్నడిగెను. కథలో లేచెనని చెప్పితిని. తరగతి కొంతసేపు నిశ్శబ్దముగా నుండెను. చాటునుండి విన్న సగము మాట ఎంతపని చేయునో ఈ కథ చెప్పినంతగా మరియేదియు చెప్పదు. మన గోడలపై, తలుపులపై ఆయన పేర కనబడు మాటలలో ఎన్ని చాటున విన్నవో, ఎన్ని అసలు విననివో ఎవరికి తెలియును?

వృద్ధాప్యమున ఆయన కర్నూలు, హైదరాబాదు మున్నగు తావులకు శిష్యసహితముగా పోయి నవాబులను దర్శించి బోధించిరని చెప్పుదురు. ఆ ప్రయాణములలో మహిమల కథలే మెండు. పనిముట్ల ప్రస్తావన వానిలో లేదు గనుక నేను దాటవేయుచున్నాను.

1693వ సంవత్సరము, శ్రీముఖనామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమినాడు సజీవముగా సమాధిలో ప్రవేశించెదనని ఆయన ప్రకటించెను. గోవిందమ్మకు, బిడ్డలకు, శిష్యులకు ధైర్యము చెప్పెను. సిద్ధయ్య మాత్రము ఆ దృశ్యమును చూచి తాళలేడని యెరిగి, పూలు తెమ్మని వానిని బనగానపల్లెకు పంపెను. కందిమల్లయపల్లెకును బనగానపల్లెకును నడుమ కొండలు, ఏరులు గలవు; నడచిపోవువానికి దినములు పట్టు దూరము. సిద్ధయ్య పూలు తీసికొని వచ్చునప్పటికి అంతయు ముగిసెను. సమాధిపై మూతరాయి పడియుండెను. వాడు దానిపై బడి యేడ్చి, ప్రాణము విడువబూనగా, గురువు సమాధినుండి వానిని పిలిచి, ఉపదేశము ముగించి, దండము, కమండలము, పాదుకలు, ముద్రిక ఒసగెనని సంప్రదాయము.

ఆ వరుసలో దండమును, పాదుకలును కొయ్యవి. కవిత్వము వలదనుకొనుచునే యున్నను, ఆ పాదుకలు ఎవరు చేసినవై యుండునా యని నాకు తోచక మానదు. ఊరి నాగళ్లన్నియు చెక్కిన చేయి తన కాలికి రెండు పాదుకలను పరులచే చేయించుకొనునా? వడ్రంగిదనము నెరిగినవారెవరును అట్లు తలపరు. సిద్ధయ్య వానిని ముడుమాలకు తీసికొనిపోయెను. అచట ఆయన మఠము వెలసినది. ఏటేట వైశాఖ శుద్ధ దశమినాడు కందిమల్లయపల్లెలో ఆరాధన జరుగును. వేలకొలది జనులు వత్తురు. 1984లో ఎన్.టి. రామారావుగారు ఆయన కథను చలనచిత్రముగా తీసి తామే ఆ పాత్రను ధరించిన తరువాత, సీమ దాటి తెలుగునాడంతటను ఆ రూపము నిలిచిపోయినది. ఆరాధనకు వచ్చినవారు కొను పటములలో ఆయన చేతియందు తాటియాకుల గ్రంథమే యుండును. బాడిస నేను చూచిన యే పటమునందును లేదు.

ఈ చివరి మాట విని మన బాలుడు తలయెత్తెను. ఏమియు ననక పలకను సంచిలో వేసికొని పోయెను. సెలవుల తరువాత వచ్చి, తాను చేసినది చెప్పెను. మాట యేదియు చెక్కలేదట. బాడిస బొమ్మ నొకదానిని చెక్కి, దాని క్రింద తన తాత పేరు మూడక్షరములు చెక్కినాడట. అందొక యక్షరము గుండ్రనిది, అంచు లేచినది. తాత ఆ పలకను తీసికొని, బొటనవ్రేలితో ఆ యంచును తడవి చూచి, మూలనున్న పెట్టెను తెరపించెనట. ఆ పెట్టె తెరచి కొన్ని యేండ్లయినది. అందులోని సన్న ఉలిని నూరి, నరమునకు ఎదురుగాక ఏ ప్రక్కనుండి కోయవలెనో మనుమనికి చూపుచు, ఆ గుండ్రని యక్షరమును తానే సరిచేసెనట. బాడిస పిడి పొట్టిగా నున్నదనియు, అట్టి పిడితో రెండు వేట్లు వేసినచో మోకాలు పగులుననియు మందలించెనట.

ఆ పలక నేడు వారి క్రొత్త యింటి తలవాకిటికి కుడిప్రక్కన జనపనారత్రాటితో వ్రేలాడుచున్నది. నేను పోయి చూచితిని. పిడి యింకను పొట్టిగానే యున్నది.